ఆటోక్యాడ్‌లో కొలత తేడా వస్తే ఎక్కడ వెతకాలి

హైదరాబాదులో ఒక సాధారణ ఇంటి ప్లాన్ పూర్తయ్యేలోగా కనీసం నాలుగు కొలమానాల గుండా ప్రయాణిస్తుంది. స్థలం కొన్నవారు దానిని 200 గజాలని చెబుతారు. ఆర్కిటెక్టు ఆ స్థలాన్ని 40 అడుగులు, 45 అడుగుల దీర్ఘచతురస్రంగా గీసి గదులను అడుగులు, అంగుళాలలో పంచుతారు. స్ట్రక్చరల్ ఇంజనీరు పిల్లర్లను, కడ్డీలను మిల్లీమీటర్లలో రాస్తారు. అనుమతి కోసం పురపాలక కార్యాలయానికి వెళ్లే ప్రతిలో అవే హద్దులు మీటర్లలోకి మారతాయి. ఇంత మంది చేతుల మీదుగా తిరిగే డీడబ్ల్యూజీ ఫైలు, అంటే ఆటోక్యాడ్ అనే కంప్యూటర్ డ్రాయింగు ప్రోగ్రాములో గీసిన ఫైలు, మాత్రం ఒక్కటే. అందువల్ల మా డ్రాఫ్టింగ్ గదికి వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం గీత వంకరగా ఉందనో, లేయర్లు సరిగా లేవనో కాదు. ‘కొలత తప్పు చూపిస్తోంది’ అనే. ఈ ఫిర్యాదు వెనుక ఉండగల కారణాలు పరిమితమైనవే అయినా, వాటిని ఒక క్రమంలో వెతకకపోతే ఒక తప్పును దిద్దబోయి రెండింటిని చేరుస్తాము. నేను అనుసరించే క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆటోక్యాడ్‌నే దృష్టిలో పెట్టుకొని రాస్తున్నప్పటికీ, బ్రిక్స్‌క్యాడ్ వంటి ఇతర ప్రోగ్రాములు వాడేవారికి కూడా ఈ కమాండ్ల పేర్లు చాలావరకు ఇవే కనిపిస్తాయి.

అన్నిటికంటే ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఆటోక్యాడ్‌లో గీసిన గీతకు పొడవు ఉంటుంది గానీ, ఆ పొడవుకు అంగుళమో మిల్లీమీటరో అనే ముద్ర ఉండదు. గీత పొడవు 3000 అని ఫైలులో నమోదై ఉంటే అది కేవలం 3000 మాత్రమే. ఆ సంఖ్య దేనిని సూచిస్తుందో గీసినవారు మనసులో పెట్టుకున్న ఒప్పందం. యూనిట్స్ అనే కమాండ్ ఇచ్చి, వచ్చిన పెట్టెలో డెసిమల్‌కు బదులు ఆర్కిటెక్చరల్ అని ఎంచుకుంటే గీత మిల్లీమీటర్ల నుండి అడుగులలోకి మారిపోతుందని చాలామంది భావిస్తారు. అక్కడ మారేది సంఖ్యను రాసే పద్ధతి మాత్రమే. ఆ పెట్టెలోని ఐదు పద్ధతులలో ఆర్కిటెక్చరల్, ఇంజనీరింగ్ అనే రెండూ ఒక యూనిట్టును ఒక అంగుళంగా భావించే పద్ధతులు. కాబట్టి మిల్లీమీటర్లలో గీసిన 3000 పొడవు గోడను ఆర్కిటెక్చరల్‌లో చూస్తే ప్రోగ్రాము దానిని 3000 అంగుళాలుగా తీసుకొని 250 అడుగులని చూపిస్తుంది. మూడు మీటర్ల పడకగది ఒక్కసారిగా ఫంక్షన్ హాలు అయిపోయిందని కంగారు పడి, వెంటనే గీతలనే పెంచి తగ్గించే స్కేల్ కమాండ్ పట్టుకోవడం ఇక్కడ మొదటి ప్రమాదం. గీత ఏమీ మారలేదు. చదివే పద్ధతిని వెనక్కి తిప్పితే సరిపోతుంది.

అందుకే గీత పక్కన కొలతగా కనిపించే డైమెన్షన్ అంకెను నమ్మకుండా, నేరుగా గీతను ప్రశ్నించడం నా మొదటి మెట్టు. ఇందుకు నిజ జీవితంలో కొలత ఖాయంగా తెలిసిన వస్తువు ఒకటి కావాలి. ఇళ్ల ప్లానులలో నేను సాధారణంగా సింహద్వారాన్ని ఎంచుకుంటాను, ఎందుకంటే దాని వెడల్పు ఇంటి యజమానికి కూడా నోటికి వచ్చి ఉంటుంది. మూడున్నర అడుగుల ద్వారమని తెలిసినప్పుడు, దాని గడప గీతను ఎంచుకొని లిస్ట్ కమాండ్ ఇస్తే వచ్చే పొడవును బట్టి ఫైలు చరిత్ర చాలావరకు బయటపడుతుంది. 42 వస్తే అంగుళాలలో గీశారు. 3.5 వస్తే ఒక యూనిట్టును అడుగుగా తీసుకున్నారు. 1.0668 వస్తే మీటర్లలోకి మార్చారు. 1066.8 వస్తే అంగుళాలలో పుట్టిన డ్రాయింగును ఎవరో 25.4 తో పెంచారు. అదే 1050 వస్తే ఆ డ్రాయింగు మొదటి నుండీ మిల్లీమీటర్లలో గీసినదే, ద్వారం కూడా ఆ లెక్కలో సర్దినదే. ఈ చివరి రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపించినా, ఫైలు ఎక్కడ పుట్టిందో చెప్పే ఆధారంగా అది చాలా విలువైనది. ఇవేవీ కాకుండా 1058.37 వంటి ఏ లెక్కకూ పొంతన లేని సంఖ్య వచ్చిందంటే ఆ ప్లాను పీడీఎఫ్ నుండి గానీ, స్కాన్ చేసిన కాగితం మీద నుండి గానీ గీసినదై ఉంటుంది. అలాంటి ఫైలులో ఏ ఒక్క కొలతనూ ప్రమాణంగా తీసుకోకూడదు.

పొడవు తెలుసుకోవడానికి డిస్ట్ కమాండ్ వాడేవారు అది చూపే చివరి వరుసను కూడా చదవాలి. ఎక్స్, వై దిశల తేడాలతో పాటు జెడ్ దిశలో తేడా ఎంతో కూడా అక్కడ ఉంటుంది. సర్వే ఫైళ్ల నుండి వచ్చిన గీతలలో ఒక కొన నేల మట్టం వద్ద, మరొక కొన సున్నా వద్ద ఉండటం తరచుగా జరుగుతుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి, అలాంటి గీత పైనుండి చూస్తే పది మీటర్లుగా కనిపిస్తూనే, డిస్ట్‌లో ఐదు వందలు దాటిన పొడవును చూపిస్తుంది. అదే గీతకు మామూలు లీనియర్ డైమెన్షన్ ఇస్తే అది ఎత్తును వదిలేసి సమతలంలోని దూరాన్ని మాత్రమే కొలిచి పది అంటుంది. రెండూ తమ తమ లెక్కలో సరైనవే. ప్రాపర్టీస్ ప్యానెల్‌లో జెడ్ విలువలను సున్నా చేస్తే వివాదం ముగుస్తుంది. ఓఎస్‌నాప్‌జెడ్ అనే సిస్టమ్ వేరియబుల్‌ను (ప్రోగ్రాములోని ఒక అమరికను) 1 గా ఉంచితే కొత్తగా గీసే గీతలు ఆ ఎత్తుకు అతుక్కోకుండా ఉంటాయి.

గీత పొడవు సరిగానే ఉండి, డైమెన్షన్ మాత్రమే వేరుగా చెబుతున్నప్పుడు అనుమానించవలసిన మొదటి వ్యక్తి డిమ్‌ఎల్‌ఫాక్. డైమెన్షన్ తాను కొలిచిన పొడవును ఏ సంఖ్యతో గుణించి చూపాలో చెప్పే వేరియబుల్ ఇది. దాని సహజ విలువ 1. ప్లాను అడుగులలో ఉండి, అంకెలు మిల్లీమీటర్లలో కావాలని ఇంజనీరు అడిగినప్పుడు, కొందరు గీతలను తాకకుండా ఈ విలువను 304.8 చేసి పంపిస్తారు. తెర మీద అంతా చక్కగా కనిపిస్తుంది. సమస్య ఆ ఫైలు నుండి ఒక ముక్కను కాపీ చేసి మరొక ఫైలులో పెట్టినప్పుడు మొదలవుతుంది. రెండు ఫైళ్లలోనూ ఒకే పేరున్న డైమెన్షన్ స్టైల్ (డైమెన్షన్ల అమరికలను ఒక పేరుతో దాచుకున్నది) ఉంటే, అతికించిన చోట అప్పటికే ఉన్న స్టైల్ నిర్వచనమే నెగ్గుతుంది. మన దగ్గర సగం ఫైళ్లలో ఆ పేరు స్టాండర్డ్ అనే ఉంటుంది కాబట్టి, 304.8 గుణకం అక్కడికక్కడే మాయమై, 3353 అని చూపించిన గది 11 అని చూపించడం ప్రారంభిస్తుంది. పంపినవారి తెర మీద సరిగా ఉండి, అందుకున్నవారి తెర మీద తప్పుగా ఉందంటే నూటికి తొంభై పాళ్లు ఇదే కథ అని నా నమ్మకం.

దీనిని పట్టుకోవడానికి అనుమానమున్న డైమెన్షన్‌ను ఎంచుకొని, ప్రాపర్టీస్‌లో ప్రైమరీ యూనిట్స్ భాగంలో డిమ్ స్కేల్ లీనియర్ అనే వరుసను చూడాలి. అక్కడ 1 కాకుండా మరేదైనా ఉంటే కారణం దొరికినట్లే. మరొక మార్గం ఏరియా కమాండ్, ఎందుకంటే డిమ్‌ఎల్‌ఫాక్ విస్తీర్ణాన్ని ఏమాత్రం ప్రభావితం చేయలేదు. మొదట చెప్పిన 40, 45 అడుగుల స్థలాన్ని అంగుళాలలో గీస్తే విస్తీర్ణం 2,59,200 చదరపు అంగుళాలు రావాలి. 144 తో భాగిస్తే 1800 చదరపు అడుగులు, దానిని 9 తో భాగిస్తే 200 గజాలు. మిల్లీమీటర్లలో గీస్తే 16,72,25,472 రావాలి, అంటే సుమారు 167.23 చదరపు మీటర్లు. డైమెన్షన్లు మిల్లీమీటర్లని చెబుతుండగా విస్తీర్ణం 1800 అని వస్తే, అంకెలకు రంగు పూసి పంపారని అర్థం. రెండు కొలమానాలూ ఒకేసారి కనిపించాలన్నదే నిజమైన అవసరమైతే, డైమెన్షన్ స్టైల్‌లో ఆల్టర్నేట్ యూనిట్స్ అనే సదుపాయం ఉండనే ఉంది. అంగుళాల డ్రాయింగులో దాని గుణకాన్ని 25.4 గా పెడితే అసలు కొలత పక్కనే మిల్లీమీటర్లు కూడా వస్తాయి, అసలు కొలతకు హాని జరగదు.

డిమ్‌ఎల్‌ఫాక్ కనీసం ఒక నియమం ప్రకారం అబద్ధం చెబుతుంది. అంకెనే చెరిపి, చేత్తో వేరే అంకె టైపు చేయడం అంతకంటే దారుణమైన పని. దీనిని నేను ఎంత తొందరలోనూ అంగీకరించను. ఒకసారి మరొక కార్యాలయం నుండి వచ్చిన ప్లానులో పడకగది లోపలి కొలత 11 అడుగులని రాసి ఉంది. నేల మీద ముగ్గు పోసే రోజున మేస్త్రీ టేపు పట్టుకొని, ‘సార్, లోపల పదకొండు రావట్లేదు, బయటి కొలత పెట్టుకుంటే గోడ మందం సరిపోదు’ అని ఫోన్ చేశాడు. ఫైలు తెరిచి చూస్తే గోడల మధ్య గీత 10 అడుగుల 9 అంగుళాలే ఉంది. యజమాని పదకొండు కావాలని పట్టుబట్టినప్పుడు గోడను జరపకుండా అంకెను జరిపారు. ఆ గదికి అటూ ఇటూ ఉన్న పిల్లర్ల కేంద్రాల మధ్య దూరం మాత్రం గీతల ప్రకారమే స్ట్రక్చరల్ డ్రాయింగులోకి వెళ్లింది. పునాది తవ్వకముందే తెలిసింది కాబట్టి ఆ పూట మార్కింగ్ చెరిపి మళ్లీ వేయడంతో పోయింది.

ఇలాంటి అంకెలు ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ అనే వరుసలో దాక్కొని ఉంటాయి. దానికి దగ్గరలోనే మెజర్‌మెంట్ అనే వరుసలో అసలు కొలత ఉంటుంది. బయటి నుండి వచ్చిన ఏ ఫైలునైనా ముందు ఒక నకలు తీసుకొని, ఆ నకలులో డైమెన్షన్లన్నింటినీ ఎంచుకొని, టెక్స్ట్ ఓవర్‌రైడ్‌లో ఖాళీ కోణపు బ్రాకెట్ల జంటను మాత్రమే టైపు చేస్తే, ప్రతి డైమెన్షన్ తాను నిజంగా కొలిచిన విలువకు తిరిగి వస్తుంది. తరువాత మూల ఫైలును, నకలును పక్కపక్కన పెట్టి చూస్తే ఏ అంకెలు మారాయో కనిపిస్తాయి. అంకె పక్కన ‘సుమారు’ అనో, ‘సైటులో సరిచూడాలి’ అనో రాయవలసి వస్తే ఆ బ్రాకెట్ల జంట తరువాత ఆ మాట రాయాలి. అప్పుడు మాట నిలుస్తుంది, కొలత కూడా గీతతో పాటు మారుతూ ఉంటుంది. డైమెన్షన్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి విడి అక్షరాలుగా మార్చిన ఫైళ్లకు మాత్రం మందు లేదు. వాటిని తుడిచి కొత్తగా వేసుకోవడమే.

ఇక తప్పు ఎవరిదీ కాకుండానే తప్పులా కనిపించేది పూర్ణాంకీకరణ. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అడుగుల నుండి మిల్లీమీటర్లకు మారే ప్రతి హైదరాబాదు ప్లానులోనూ ఇది తలెత్తుతుంది. తొమ్మిది అంగుళాల గోడ, 11 అడుగుల గది, మళ్లీ తొమ్మిది అంగుళాల గోడ: మొత్తం 12 అడుగుల 6 అంగుళాలు. ఈ ముక్కను 25.4 తో పెంచితే గోడ 228.6, గది 3352.8, మరొక గోడ 228.6 అవుతాయి, మొత్తం కచ్చితంగా 3810. కానీ మిల్లీమీటర్ల డ్రాయింగులో దశాంశాలు చూపడం ఆనవాయితీ కాదు కాబట్టి, డైమెన్షన్ స్టైల్‌లో ప్రెసిషన్, అంటే చూపే దశాంశ స్థానాల సంఖ్య, సున్నాగా ఉంటుంది. అప్పుడు వరుస డైమెన్షన్లు 229, 3353, 229 అని, పైన మొత్తం డైమెన్షన్ 3810 అని చూపిస్తాయి. విడివిడి అంకెలను కూడితే 3811. సైటు ఇంజనీరు కూడి చూసి ఒక మిల్లీమీటరు తేడా ఉందని ఫోన్ చేస్తారు. ఒక గదికి ఒక మిల్లీమీటరు అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఎనిమిది, పది గదులు వరుసగా ఉన్న హాస్టల్ భవనంలో ఆ తేడాలు కూడుకుంటూ పోయి, సెంట్రింగ్ కొలతలు రాసుకునే మనిషికి తలనొప్పిగా మారతాయి.

డిమ్‌ఆర్‌ఎన్‌డీ అనే వేరియబుల్‌తో 5 కో 10 కో సర్దవచ్చు కదా అని కొందరు అంటారు. అది అంకెలను మరింత అందంగా చేస్తుంది, కూడికను మరింత చెడగొడుతుంది. అసలు సమస్య ఇటుకలోనే ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం మాడ్యులర్ ఇటుక 190, 90, 90 మిల్లీమీటర్లు; మాడ్యులర్ కానిది 230, 110, 70 మిల్లీమీటర్లు. మనం తొమ్మిది అంగుళాల గోడ అని పిలిచేది మిల్లీమీటర్ల డ్రాయింగులో 230 గా ఉండాలి, 228.6 గా కాదు. నాలుగున్నర అంగుళాల గోడ కూడా అలాగే 114.3 కాకుండా 115 గా గీస్తారు. కాబట్టి అడుగుల ప్లానును స్కేల్ చేసి మిల్లీమీటర్ల స్ట్రక్చరల్ డ్రాయింగుగా వాడుకోవడం నాకు నచ్చని అలవాటు. పిల్లర్ల కేంద్ర రేఖలను మాత్రం ముందుగా 5 మిల్లీమీటర్ల గుణిజాలలో కొత్తగా గీసి, ఆర్కిటెక్టుతో ఒక మాట అనుకొని, గోడలను ఆ రేఖల చుట్టూ 230 తో మళ్లీ వేసుకుంటే, ఆ తరువాత ఏ డైమెన్షన్‌ను కూడినా లెక్క తప్పదు. ఇందుకు ఒక పూట పడుతుంది. ఆ పూటను ఆదా చేసినవారే తరువాత ఫోన్లు ఎత్తవలసి వస్తుంది.

అడుగుల పక్షాన కూడా ఇదే జరుగుతుంది. ఆర్కిటెక్చరల్ పద్ధతిలో ప్రెసిషన్‌ను పూర్తి అంగుళానికి పెడితే, 9 అడుగుల 11 అంగుళాల 5 సూత్‌ల గది నిర్మొహమాటంగా 10 అడుగులని చూపిస్తుంది. సూత్ అంటే వడ్రంగి లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. తలుపులు, వార్డ్‌రోబ్‌ల డ్రాయింగు ఇచ్చేటప్పుడు ప్రెసిషన్ కనీసం ఎనిమిదో వంతుకు ఉండాలి. లేకపోతే చెక్క మిల్లులో కోసుకొచ్చిన పలక గోడల మధ్య పట్టదు.

స్కేల్ చేయడం తప్పనిసరి అయినప్పుడు గుణకాన్ని కుదించి రాయకూడదు. 1959లో అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం నుండి అంగుళమంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు, అందులో దాగిన దశాంశాలేవీ లేవు. మిల్లీమీటర్ల నుండి అంగుళాలకు వచ్చేటప్పుడు మాత్రం గుణకం 0.03937008 వంటి పొడుగాటి సంఖ్య అవుతుంది. దానిని 0.0393 అని టైపు చేసినవారి డ్రాయింగులో 60 అడుగుల ప్రహరీ గోడ సుమారు అంగుళంపావు కురచ అవుతుంది. స్కేల్ కమాండ్‌లోనే రిఫరెన్స్ అనే ఎంపిక ఉంది. అందులో పాత పొడవు 25.4 అని, కొత్త పొడవు 1 అని ఇస్తే భాగహారం ప్రోగ్రామే చూసుకుంటుంది. మొత్తం ఫైలును మార్చవలసి వస్తే, పేరు ముందు హైఫన్ (-) టైపు చేసి డ్వగ్‌యూనిట్స్ అనే కమాండ్ ఇవ్వడం మరింత మేలు. అది కొత్త కొలమానం ఏదో అడిగి, వస్తువులను కూడా ఆ నిష్పత్తిలో పెంచాలా అని అడుగుతుంది.

స్కేల్ కమాండ్ మరచిపోయేది ఇన్స్‌యూనిట్స్‌ను. యూనిట్స్ పెట్టెలో ఇన్సర్షన్ స్కేల్ అని కనిపించేది ఇదే. దీని విలువ 1 అయితే అంగుళాలు, 2 అయితే అడుగులు, 4 అయితే మిల్లీమీటర్లు, 6 అయితే మీటర్లు, 0 అయితే ఏ కొలమానమూ లేదని అర్థం. ఇది గీతలను మార్చదు, అంకెలను మార్చదు. ఒక ఫైలును మరొక ఫైలులోకి బ్లాకుగానో (లోపల చొప్పించిన బొమ్మగా), ఎక్స్‌రెఫ్‌గానో (బయటి ఫైలుగానే ఉంచి జోడించి) తెచ్చినప్పుడు మాత్రమే పని చేస్తుంది. మిల్లీమీటర్ల ఫైలులోకి అంగుళాల ఫైలు వస్తే దానిని 25.4 రెట్లు పెంచుతుంది, అటు నుండి ఇటు వస్తే అంత తగ్గిస్తుంది. కారు బ్లాకు వీధంత పొడవుగా రావడం, వాష్‌బేసిన్ చీమ తలంతగా రావడం ఈ వేరియబుల్ మహిమే. ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండుసార్లు పెరిగిన ఫైలు. ఎవరో అంగుళాల ప్లానును స్కేల్ కమాండ్‌తో మిల్లీమీటర్లకు పెంచారు గానీ, ఇన్స్‌యూనిట్స్‌ను 1 దగ్గరే వదిలేశారు. ఆ ఫైలును మిల్లీమీటర్ల స్ట్రక్చరల్ డ్రాయింగుకు ఎక్స్‌రెఫ్‌గా కలిపితే ఆటోక్యాడ్ దానిని ఇంకా అంగుళాల ఫైలనే నమ్మి, మళ్లీ 25.4 తో పెంచుతుంది. అటాచ్ చేసే పెట్టెలో బ్లాక్ యూనిట్ అనే చోట యూనిట్టు పేరు, దాని కింద ఫ్యాక్టర్ అనే సంఖ్య కనిపిస్తాయి. ఓకే నొక్కేముందు ఆ రెండింటిని చదివే అలవాటు ఉంటే ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

ఇన్స్‌యూనిట్స్ 0 అయిన ఫైలు అందరికీ తటస్థంగా ఉంటుందనుకోవడం పొరపాటు. అలాంటప్పుడు ఆటోక్యాడ్ ఆప్షన్స్‌లోని యూజర్ ప్రిఫరెన్సెస్ కింద ఉన్న రెండు సహజ విలువలను తీసుకుంటుంది. అవి కంప్యూటరు కంప్యూటరుకూ వేరుగా ఉండవచ్చు. ఒకే ఫైలు పక్క టేబుల్ మీద సరిగా, మన టేబుల్ మీద పెద్దదిగా వచ్చిందంటే అక్కడ చూడాలి. మరొక మాట: మూల ఫైలులో ఇన్స్‌యూనిట్స్‌ను సరిదిద్దినంత మాత్రాన, అప్పటికే చొప్పించిన బ్లాకులు తమంతట తాము సర్దుకోవు. వాటిని తీసివేసి మళ్లీ చొప్పించాలి.

ఈ గందరగోళంలో సగం డ్రాయింగు పుట్టిన క్షణంలోనే నిర్ణయమైపోతుంది. ఎక్యాడ్ అనే టెంప్లేటుతో మొదలుపెడితే అంగుళాల లోకం, ఎక్యాడ్‌ఐఎస్‌ఓ అనే దానితో మొదలుపెడితే మిల్లీమీటర్ల లోకం. అమీర్‌పేటలో కోర్సు పూర్తి చేసి మా దగ్గరకు వచ్చే పిల్లలకు కమాండ్లు మెరుపులా వస్తాయి గానీ, ఈ రెండింటి మధ్య తేడా అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. వారిని తప్పుపట్టను, శిక్షణలో అందరూ ఒకే టెంప్లేటుతో, ఒకే కొలమానంతో గీస్తారు కాబట్టి ఆ ప్రశ్నే ఎదురుకాదు. మొదటి దాని స్టాండర్డ్ స్టైల్‌లో డైమెన్షన్ అక్షరం ఎత్తు 0.18, రెండో దాని ఐఎస్‌ఓ-25 స్టైల్‌లో 2.5. అంగుళాల టెంప్లేటులో మిల్లీమీటర్ల ప్లాను గీస్తే డైమెన్షన్ వేసినా అంకె కనిపించదు, బాణపు మొన చుక్కలా కూడా ఉండదు. డైమెన్షన్ రాలేదని మళ్లీ మళ్లీ వేస్తూ ఒకదాని మీద ఒకటి పేర్చినవారిని చూశాను. డిమ్‌స్కేల్‌ను తగినంత పెంచితే, లేదా స్టైల్‌ను యానోటేటివ్ (స్కేలును బట్టి అక్షరాల పరిమాణం దానంతటదే సర్దుకునేలా) చేస్తే సరిపోతుంది. డిమ్‌స్కేల్ అక్షరాల పరిమాణాన్ని మారుస్తుంది, కొలతను కాదు. డిమ్‌ఎల్‌ఫాక్‌తో దీనిని కలగాపులగం చేయకూడదు. చుక్కల గీతలు నిండు గీతలుగా కనిపించడం, హ్యాచ్ నల్లని మరకలా రావడం కూడా ఈ టెంప్లేటు తేడా నుండే వస్తాయి. వాటికి ఎల్‌టీస్కేల్‌ను, మెజర్‌మెంట్ అనే వేరియబుల్‌ను చూడాలి.

లేఔట్ కాగితం, అంటే ప్రింటు కోసం తెర మీద అమర్చుకునే పుట, మీద వేసే డైమెన్షన్లది వేరే తంతు. 1:100 వ్యూపోర్టులో (ప్లానును ఆ స్కేలులో చూపే కిటికీలో) కనిపించే 3000 గోడకు కాగితం మీద నుండి డైమెన్షన్ వేస్తే, డైమెన్షన్‌ను గీతతో కట్టిపడేసే డిమ్‌అసాక్ విలువ 2 గా ఉండి, గోడ కొనను సరిగ్గా పట్టుకున్నప్పుడు 3000 అనే వస్తుంది. ఆ బంధం తెగితే 30 అని వస్తుంది, ఎందుకంటే కాగితం మీద ఆ గోడ పొడవు నిజంగా 30 మిల్లీమీటర్లే. మౌసు చక్రంతో వ్యూపోర్టు లోపల జూమ్ చేసిన తరువాత డైమెన్షన్లు గోడలను వదిలి పక్కకు జరిగినట్లు కనిపిస్తే ముందు డిమ్‌రీజెన్ ఇచ్చి చూడాలి. అప్పటికీ రాకపోతే డిమ్‌రీఅసోసియేట్‌తో మళ్లీ అతికించాలి. వ్యూపోర్టుకు తాళం వేసుకోవడం అన్నిటికంటే తేలిక. ప్లాను మీటర్లలో ఉండి కాగితం మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు స్కేలు జాబితాలోని 1:100 ను ఎంచుకుంటే బొమ్మ మాయమైపోతుంది. ఒక మీటరు ఆ స్కేలులో కాగితం మీద 10 మిల్లీమీటర్లు కావాలి కాబట్టి, జాబితాలో పది పేపర్ యూనిట్లకు ఒక డ్రాయింగ్ యూనిట్ అనే కొత్త స్కేలును చేర్చుకోవాలి.

మీటర్ల ప్రతి అనగానే పురపాలక అనుమతి గుర్తుకు వస్తుంది. 2012 నాటి జీవో 168 లోని భవన నియమాలు సెట్‌బ్యాక్‌లను (హద్దుకూ భవనానికీ మధ్య వదలవలసిన ఖాళీని) మీటర్లలోనే చెబుతాయి. మన వాడుకలో ఒక మీటరంటే మూడడుగుల మూడంగుళాలు, రెండు మీటర్లంటే ఆరున్నర అడుగులు. కానీ మూడడుగుల మూడంగుళాలు 0.9906 మీటరు, ఆరున్నర అడుగులు 1.9812 మీటర్లు. డైమెన్షన్ ప్రెసిషన్ ఒక దశాంశానికి ఉంటే తెర మీద 1.0 అని, 2.0 అని చూపించి మనల్ని శాంతింపజేస్తుంది; గీతల పొడవును నేరుగా చదివే పరిశీలన సాఫ్ట్‌వేరు ముందు మాత్రం ఆ గీత కురచే. అందుకే అనుమతి ప్రతిలో ప్రెసిషన్‌ను కనీసం రెండు స్థానాలకు ఉంచి, సెట్‌బ్యాక్ రేఖలను అడుగుల ప్లాను నుండి మార్చకుండా మీటర్లలోనే ఆఫ్‌సెట్ చేసి గీయాలి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతి విధానంలో తక్షణ అనుమతికి పరిమితి 500 చదరపు మీటర్లుగా ఉండేది. దానినే అందరూ 600 గజాలని చెప్పుకొనేవారు. 600 గజాలు 501.68 చదరపు మీటర్లు. సరిగ్గా ఆ అంచున ఉన్న స్థలం యజమానికి ఈ తేడా వివరించడం ఏ కమాండ్ నేర్పడం కంటే కష్టమైన పని.

శివార్లలోని వెంచర్ల లేఔట్లలో మరొక తేడా వస్తుంది, దీనికి ఆటోక్యాడ్‌లో ఎంత వెతికినా జవాబు దొరకదు. సర్వేయరు ఇచ్చే ఫైలు యూటీఎం నిరూపకాలలో, అంటే భూమిని మండలాలుగా విడగొట్టి చదునైన పటం మీద మీటర్లలో స్థానాన్ని చెప్పే పద్ధతిలో, ఉంటుంది. హైదరాబాదు నగరం 44వ ఉత్తర మండలంలో పడుతుంది. ఆ మండలపు మధ్య రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. నగరం ఆ రేఖకు చాలా పశ్చిమంగా, మండలం అంచుకు దగ్గరగా ఉన్నందువల్ల, నిరూపకాల మీద కొలిచిన దూరం నేల మీద టేపుతో కొలిచిన దూరం కంటే వంద మీటర్లకు సుమారు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో నేల మీద కొలిచిన పక్క సర్వేతో అది సరిపోలలేదని ఒకరి మీద ఒకరు నెపం వేసుకోవడం తరచూ జరుగుతుంది. ఎవరి కొలత ఏ తలం మీదిదో తేల్చుకోకుండా స్కేల్ కమాండ్ ముట్టకూడదు. పైగా ఇక్కడి ఉత్తర నిరూపకం 19 లక్షల మీటర్లు దాటుతుంది. అలాంటి ఫైలును మిల్లీమీటర్లకు పెంచితే సంఖ్యలు వంద కోట్లు దాటి, హ్యాచ్‌లు చెదిరిపోవడం, గీతలు వణకడం మొదలవుతాయి. సర్వే ఫైలును మీటర్లలోనే ఉంచి, భవనం గీసే ఫైలును మూల బిందువు దగ్గర వేరుగా పెట్టుకోవడం మంచిది.

చివరగా ప్రింటు. తెర మీద అన్నీ సరిచేసిన డ్రాయింగును ప్లాట్ పెట్టెలో ఫిట్ టు పేపర్ టిక్ ఉంచి ముద్రిస్తే స్కేలు ఏదో ఒక అర్థంలేని సంఖ్య అవుతుంది. ఏ1 కు సిద్ధం చేసిన డ్రాయింగును జిరాక్సు దుకాణంలో ఏ3 కు తగ్గిస్తే పొడవులు సరిగ్గా సగమవుతాయి, మూలలో రాసిన 1:100 మాత్రం అలాగే ఉంటుంది. సైటులో కాగితం మీద స్కేలు పెట్టి కొలిచే అలవాటు మన మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు ఇంకా పోలేదు. పోతుందని నేను ఆశించడం కూడా లేదు. కాబట్టి మా డ్రాయింగులన్నింటిలోనూ టైటిల్ బ్లాకు పైన, కాగితం మీద సరిగ్గా 100 మిల్లీమీటర్లు రావలసిన గీత ఒకటి ఉంటుంది. సైటుకు వెళ్లే ప్రతి కాపీ మీద ఎవరో ఒకరు ఆ గీతకు స్కేలు పెట్టి చూస్తారు. 50 వస్తే ఎర్ర పెన్నుతో 1:200 అని దిద్దుతారు, 97 వంటి సంఖ్య వస్తే ఆ కాపీని చించేసి ఫిట్ టు పేపర్ తీసి మళ్లీ ప్రింటు ఇస్తారు.